ఆస్పత్రి మాట లేని కాగితం

శనివారం సాయంత్రం గాజువాక ఆటోనగర్‌లో గ్రైండర్లు ఒక్కొక్కటే ఆగిపోతాయి. షట్టర్లు సగానికి దిగుతాయి. అప్పటిదాకా అరిచి మాట్లాడుకున్నవాళ్ళు గొంతు తగ్గించి వారం కూలి లెక్క చూసుకుంటారు. అలాంటి ఒక షెడ్డులో, షియరింగ్ మిషన్ పక్కన రెండు ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని ఒక మేనమామ, ఒక మేనల్లుడు ఒకే ఒక్క కాగితం మీద చీకటి పడేదాకా వాదించుకున్నారు.

షెడ్డు మేనల్లుడిది. పాలిటెక్నిక్‌లో డిప్లొమా చేసి, పదేళ్ళు వేరేచోట పనిచేసి, అప్పుచేసి సొంతంగా పెట్టుకున్న ఫ్యాబ్రికేషన్ షెడ్డు. వెల్డర్లు, ఫిట్టర్లు, హెల్పర్లు కలిపి పద్దెనిమిది మంది. మేనమామ ఉక్కు కర్మాగారంలో కోక్ ఓవెన్స్‌లో రిటైరైనవాడు. కర్మాగారానికి భూములిచ్చిన ఊరివాడు, నిర్వాసితులకిచ్చే ఆర్ కార్డుతో ఉద్యోగంలో చేరి, పాతికేళ్ళకు పైగా యూనియన్ పని చేసినవాడు. వాళ్ళ పేర్లతో మనకు పని లేదు. ఆటోనగర్‌లో ఏ వీధిలో తిరిగినా ఇలాంటి ఇద్దరు కనబడతారు.

పరవాడ వైపు ఒక పెద్ద కంపెనీకి పైపు సపోర్టులు, ప్లాట్‌ఫారాలు చేసే ఆర్డరు అల్లుడికి దొరికేలా ఉంది. వెండరుగా నమోదు కావాలంటే నింపాల్సిన పత్రంలో ఒక గడి ఉంది: మాదకద్రవ్య రహిత పని ప్రదేశానికి సంబంధించిన పాలసీ జతపరచాలి. అల్లుడు నెట్‌లో ఒకటి వెతికి పట్టుకుని, పేరు మార్చి, ప్రింటు తీసి, స్టాంపు కొట్టాడు. సంతకం పెట్టే ముందు మావయ్య చేతికిచ్చాడు.

మావయ్య కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాడు. “ఒరే, ఇందులో ‘తొలగించబడును’ అని నాలుగు చోట్ల ఉంది. ‘ఆస్పత్రి’ అని ఒక్కచోట కూడా లేదేటి?”

“వాళ్ళకి కావాల్సింది పాలసీ మావయ్యా, ఆస్పత్రి కాదు.”

“వాళ్ళ సంగతి సరే. నీకేటి కావాలి?”

ఆ ప్రశ్నకి అల్లుడు దాటవేత జవాబు ఇవ్వలేదు. అతని భయం నిజమైనది. “ఈ మిషన్ చూడు. బ్లేడు కిందికి దిగితే ప్లేటూ ఒకటే, వేలూ ఒకటే. పైన చైన్ బ్లాకుకి టన్ను బరువు వేలాడుతుంటే కింద స్లింగు పట్టుకున్నవాడు ఒక్క క్షణం తూలితే చాలు. సోమవారం పొద్దున నలుగురు రారు, వచ్చినవాళ్ళలో ఇద్దరి చేతులు వణుకుతుంటాయి. మందైతే వాసన తెలుస్తుంది. గంజాయి అయితే కళ్ళు చూసి పోల్చుకోవాలి. ఎన్ని కళ్ళని చూస్తాను?”

గంజాయి మాట ఈ నగరంలో ఊరికే రాదు. చింతపల్లి, గూడెంకొత్తవీధి, పెదబయలు, ముంచింగిపుట్టు కొండల నుంచి దేశంలోని నగరాలకు సరుకు వెళ్ళే దారుల్లో విశాఖ ఒకటి. 2021 చివర్లో పోలీసులు ‘ఆపరేషన్ పరివర్తన’ పేరుతో ఏజెన్సీలో ఏడు వేల ఎకరాలకు పైగా గంజాయి తోటలు నరికించారు. 2022 ఫిబ్రవరి 12న అనకాపల్లి దగ్గర కోడూరులో రెండు లక్షల కిలోల గంజాయిని కుప్పలు పోసి తగలబెట్టారు. 2024 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం ‘ఈగల్’ అనే ప్రత్యేక దళాన్ని పెట్టి, ఫిర్యాదులకు 1972 నంబరు ఇచ్చింది. గంజాయి ఒక్కటే కాదు, పెంటాజొసిన్ ఇంజెక్షన్లు పట్టుబడిన వార్తలు కూడా విశాఖ పేపర్లలో వస్తూనే ఉన్నాయి.

“అందుకే జీరో టాలరెన్స్ అన్నాను,” అన్నాడు అల్లుడు. “ఎన్‌డీపీఎస్ మాదకద్రవ్యాల చట్టం చూశావా? షెడ్డులో ఎవడో దమ్ము కొడుతుంటే తెలిసి కూడా వదిలేస్తే, 25వ సెక్షన్ కింద స్థలం ఓనరు మీదా కేసే. నేను జైలుకెళ్తే పద్దెనిమిది ఇళ్ళలో పొయ్యి వెలగదు.”

“తెలిసి వదిలేస్తే కదా. నీకు తెలియకూడదనే వాళ్ళు దాచుకుంటారు. ఉద్యోగం పోతుందని నువ్వు బోర్డు పెడితే ఇంకా లోపలికి దాచుకుంటారు. ఇంతకీ ఈ కాగితంలో మందు మాట లేదేం? నీ సోమవారం బాధ మందుతోనే కదా?”

మావయ్య పట్టుకున్న లోపం చిన్నది కాదు. ఎయిమ్స్ వైద్యుల ఆధ్వర్యంలో జరిగిన జాతీయ సర్వే 2019లో బయటికొచ్చింది. దేశంలో మద్యం తాగేవాళ్ళు దాదాపు 16 కోట్లు, గంజాయి, భంగు వాడేవాళ్ళు 3 కోట్ల పైచిలుకు అని అందులో తేలింది. చట్టం దృష్టిలో రెండూ ఒకటి కావు. షియరింగ్ మిషన్ దగ్గర మాత్రం రెండూ ఒకటే. నిషిద్ధ పదార్థాల పేర్లు వరసగా రాసి మద్యాన్ని వదిలేసిన పాలసీ, ఆటోనగర్ షెడ్డులో అసలు ప్రమాదాన్ని పట్టించుకోకుండా వదిలేసినట్టే.

అక్కడి నుంచి మావయ్య వాదం వేరే దారి పట్టింది. ఆయన కోపమంతా ఆ దారిలోనే ఉంది.

“ఈ ఊళ్ళో జరిగిన పెద్ద ప్రమాదాలు లెక్కపెడదాం రా. 2012 జూన్ 13న మా ప్లాంటులో ఉక్కు కరిగించే ఎస్‌ఎంఎస్-2 దగ్గర ఆక్సిజన్ యూనిట్ పేలింది. నాతో కలిసి టీ తాగినవాళ్ళు అందులో పోయారు. 2020 మే 7న వెంకటాపురం రసాయన ఫ్యాక్టరీలో స్టైరీన్ లీకైంది. ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ ఏం రాసింది? ట్యాంకు డిజైన్ బాగోలేదు, ఉష్ణోగ్రత చూసుకోలేదు, కలపాల్సిన రసాయనం కలపలేదు అని రాసింది. అదే ఏడు ఆగస్టు 1న షిప్‌యార్డులో కొత్త క్రేన్‌కి లోడు పరీక్ష చేస్తుంటే కూలి పదకొండు మంది పోయారు. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం ఫార్మా కంపెనీలో పేలుడుకి పదిహేడు మంది. వీటిల్లో ఒక్కదానికైనా కూలివాడు తాగిన మందు కారణమని ఎవరైనా అన్నారా? నువ్వు మూత్ర పరీక్షకి సీసాలు పెట్టావనుకో, రేపు గార్డు లేని మిషన్‌లో వేలు తెగినా ముందు అడిగేది వాడు ఏం తాగాడనే. తప్పు మిషన్ నుంచి మనిషి మీదికి జరిగిపోతుంది. నా భయం అదీ.”

“పెద్ద కంపెనీల లెక్క నాకు చెప్పకు మావయ్యా. అక్కడ ట్యాంకులు పేలతాయి, పేపర్లలో వస్తాయి. నా దగ్గర వేళ్ళు తెగుతాయి, ఏ పేపర్లోనూ రావు. ఎందుకు తెగాయని ఏ కమిటీ వెయ్యరు. మందు వల్ల కాదని నువ్వెలా చెప్పగలవు?”

మావయ్య వెంటనే జవాబు చెప్పలేకపోయాడు. చిన్న షెడ్లలో గాయాలకి లెక్కాపత్రం సరిగా ఉండదు. కట్టు కట్టించి, వారం కూలి ఇచ్చి ఊరుకుంటారు. ఈ విషయంలో అల్లుడి మాటకే బరువెక్కువ.

కానీ అతని ధైర్యానికి ఇంకొక ఆధారం ఉంది, అది అంత గట్టిది కాదు. మత్తులో ఉన్న కార్మికుడికి దెబ్బ తగిలితే యజమాని నష్టపరిహారం ఇవ్వక్కర్లేదని అతను విన్నాడు. 1923 నాటి పరిహార చట్టంలో ఆ మినహాయింపు ఉన్నమాట నిజమే. 2025 నవంబరులో అమల్లోకొచ్చిన సామాజిక భద్రత కోడ్‌లోనూ అది కొనసాగింది. అయితే ఆ మినహాయింపు మరణానికీ, శాశ్వత పూర్తి అంగవైకల్యానికీ వర్తించదు. అంటే యజమాని అన్నిటికన్నా ఎక్కువగా భయపడే రెండు సందర్భాల్లోనూ మత్తు సాకుతో చేతులు దులుపుకునే వీలు లేదు. మావయ్య యూనియన్ రోజుల్లో ఈ క్లాజు మీద ఎన్నో ఫైళ్ళు మోశాడు. అందులోని ‘కాని’ అనే మాట ఆయనకి కంఠతా వచ్చు.

“సరే, పరిహారం మాట వదిలెయ్,” అన్నాడు అల్లుడు. “మూత్ర పరీక్ష కిట్టు కొంటాను. నెలకోసారి ఎవరో ముగ్గురి పేర్లు చీటీ తీసి పరీక్ష చేస్తాను. పాజిటివ్ వస్తే ఇంటికి.”

“మన పోర్టుకి 2024 మార్చిలో వచ్చిన కంటైనర్ గుర్తుందా?”

విశాఖలో ఆ కంటైనర్ గుర్తులేనివాళ్ళు తక్కువ. బ్రెజిల్‌లోని శాంటోస్ రేవు నుంచి హాంబర్గ్ మీదుగా ఎండు ఈస్ట్ సంచులతో అది వచ్చింది, మొత్తం 25 వేల కిలోలు. ఇంటర్‌పోల్ సమాచారంతో సీబీఐ ‘ఆపరేషన్ గరుడ’ కింద దాన్ని తెరిపించింది. అక్కడికక్కడ కిట్లతో చేసిన పరీక్షల్లో మత్తుపదార్థాల ఆనవాళ్ళు కనబడ్డాయన్నారు. ఎన్నికల వేళ ఆ వార్త దేశమంతా తిరిగింది. తర్వాత ప్రయోగశాల పరీక్షల్లో డ్రగ్స్ లేవని తేలింది.

“సీబీఐ చేతిలో ఉన్న కిట్టే మొదట ఒకలాగ చెప్పి, ల్యాబులో ఇంకోలాగ తేలింది. నువ్వు మెడికల్ షాపులో కొన్న కిట్టు చూసి ఒక గుంటడి కూడు తీసేస్తావా?”

కిట్టు పరీక్ష తొలి జల్లెడ మాత్రమేనని వైద్యులూ అంటారు. కొడీన్ ఉన్న దగ్గు మందు తాగినా నల్లమందు జాతి పదార్థాలకు పాజిటివ్ రావచ్చు. అందుకే కిట్టులో తేడా కనబడ్డ నమూనాని ల్యాబులో మరో పద్ధతిలో నిర్ధారించాలి. గంజాయి విషయంలో ఇంకో చిక్కు ఉంది. ఎప్పుడో ఒకసారి తాగినవాడి మూత్రంలో దాని ఆనవాళ్ళు కొన్ని రోజులుంటాయి, రోజూ తాగేవాడిలో వారాల తరబడి ఉంటాయి. కాబట్టి ఆ పరీక్షను బట్టి మనిషి ఈ మధ్య వాడాడని చెప్పొచ్చు గానీ, ఇప్పుడు మత్తులో ఉన్నాడని చెప్పలేం. మద్యానికి శ్వాస పరీక్ష అలా కాదు, ఆ క్షణాన ఒంట్లో ఎంతుందో చెబుతుంది. ఆర్టీసీ డిపోల్లో డ్రైవర్లు బండెక్కే ముందు ఊదేది అందుకే.

“అయితే గేటు దగ్గర ఊదే మిషన్‌కి నువ్వు ఒప్పుకుంటావా?” అల్లుడు వెంటనే పట్టుకున్నాడు.

“ఒప్పుకుంటాను. ముందు నువ్వు ఊదితే.”

అల్లుడు నవ్వలేదు. కాసేపు ఆలోచించి, “ఊదుతాను,” అన్నాడు. ఆ సాయంత్రం వాళ్ళిద్దరి మధ్య కుదిరిన మొదటి ఒప్పందం అది.

ఇలాంటి పాలసీలకు మూలం అమెరికాలో ఉంది. ప్రభుత్వ కాంట్రాక్టులు తీసుకునేవాళ్ళు పని ప్రదేశాన్ని మాదకద్రవ్యాలకు దూరంగా ఉంచాలని 1988లో అక్కడ చట్టం వచ్చింది. పెద్ద కంపెనీలు సర్దుకున్నాయి. చిన్నవాళ్ళకి మనుషులూ లేరు, డబ్బూ లేదు. అందుకని 1998లో చిన్న వ్యాపారాల కోసమే ఇంకో చట్టం చేశారు. ఒక్కో చిన్న దుకాణానికి విడిగా డబ్బు పంచకుండా, వాటికి సాయం చేసే మధ్యవర్తి సంస్థలకు గ్రాంట్లిచ్చారు. ఇలాంటి కార్యక్రమానికి అక్కడ సాధారణంగా చెప్పే భాగాలు ఐదు: రాతపూర్వక నియమం, మేస్త్రీలకు శిక్షణ, కార్మికులకు అవగాహన, చిక్కుల్లో ఉన్నవాళ్ళకి సహాయం, పరీక్ష. మన దగ్గరికి వచ్చేసరికి మొదటిదీ చివరిదీ మాత్రమే మిగిలాయి. నడుమ ఉండాల్సిన మూడూ సముద్రంలో ఎక్కడో జారిపోయాయి. అల్లుడి కాగితంలో కనబడిన ఖాళీ అదే.

అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో ప్రచురించిన ఆచరణ నియమావళి మరింత స్పష్టంగా చెబుతుంది. మద్యం, మాదకద్రవ్యాల చిక్కును ఆరోగ్య సమస్యగా చూడాలి. నియమం యజమానికీ కార్మికుడికీ ఒకటే కావాలి. దాన్ని రాసేటప్పుడు కార్మికులతో మాట్లాడాలి. చికిత్స వివరాలు గోప్యంగా ఉంచాలి.

ఆటోనగర్‌కి ఐదు భాగాల పద్ధతి పనికొస్తుందా అంటే, విడివిడిగా ఒక్కో షెడ్డుకి పనికిరాదు. పద్దెనిమిది మందికి కౌన్సెలర్‌ని ఎవరూ పెట్టలేరు. వీధి మొత్తం కలిసి ఒకరిని పెట్టుకోవచ్చు. ఒక ల్యాబుతో ఒప్పందం, ఏడాదికి రెండుసార్లు మేస్త్రీలకి తరగతి, ఒక ఊదే మిషన్ నాలుగు షెడ్లకి: ఇవన్నీ పారిశ్రామిక వాడలోని యజమానుల సంఘం తలకెత్తుకోగల పనులు. వెండర్ల దగ్గర పాలసీ అడిగే పెద్ద కంపెనీలు కాగితంతో పాటు ఖర్చులో వాటా కూడా పంచుకోవాలి. నియమం కావాలన్నవాళ్ళే దాని ఖర్చంతా కింద ఉన్నవాడి నెత్తిన పెట్టడం న్యాయం కాదు.

“ఖర్చు సరే,” అన్నాడు అల్లుడు. “ఒకడు వచ్చి, అన్నా నావల్ల కావట్లేదు, మానేస్తాను అన్నాడనుకో. నేనేం చెయ్యాలి? రేపట్నుంచి మానెయ్, లేదా పనిలోకి రాకు అంటాను. అంతకన్నా నాకేం తెలుసు?”

“ఆ మాటే అనకూడదు.” మావయ్య గొంతు మారింది. “రోజూ పొద్దున్నే తాగేవాడు ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజుల్లో మతి తప్పి, లేనివి కనబడొచ్చు, ప్రాణమే పోవచ్చు. నువ్వు శనివారం తిడతావు, వాడు పౌరుషానికి ఆదివారం ముట్టడు, సోమవారం నీ గ్రైండర్ మీద పడి కొట్టుకుంటాడు. మానడం డాక్టరు చేతి మీదుగా జరగాల. చినవాల్తేరు మెంటల్ కేర్ ఆస్పత్రికి తీసుకెళ్ళు. అక్కడికంటే జనం చూస్తారని సిగ్గుపడితే ముందు మత్తు మాన్పించే హెల్ప్‌లైన్ 14446కి ఫోన్ చేయించు, పేరు చెప్పక్కర్లేదు. గంజాయి కేసు భయం ఉన్నవాడికి అదే మాదకద్రవ్యాల చట్టంలో 64ఏ సెక్షన్ ఉందని చెప్పు. కొద్దిపాటి సరుకుతో దొరికినవాడైనా తనంత తాను ప్రభుత్వ గుర్తింపున్న చోట చికిత్స పూర్తి చేసుకుంటే ప్రాసిక్యూషన్ ఉండదు.”

“నెల రోజులు ఆస్పత్రిలో ఉంటే ఇంట్లో తినేదేంటి?”

“ఈఎస్ఐ. మల్కాపురంలో అంత ఆస్పత్రి కట్టింది దేనికి? డాక్టరు సర్టిఫికెట్ ఇస్తే ఏడాదిలో 91 రోజుల దాకా జీతంలో 70 శాతం వస్తుంది. ఆరు నెలల్లో 78 రోజులకి చందా కట్టి ఉండాలి, అంతే. పది మందికి తగ్గని షెడ్డు కాబట్టి నీకు వర్తిస్తుంది. నీ దగ్గర ఎంతమందికి ఉంది?”

షెడ్డులో నిశ్శబ్దం.

“పదకొండు మందికి,” అన్నాడు అల్లుడు చివరికి. “మిగతా ఏడుగురూ హెల్పర్లు. ఇవాళ ఉంటారు, రేపు పోతారు. ఒడిశా కుర్రాళ్ళు ముగ్గురు, శ్రీకాకుళం వాళ్ళు నలుగురు. కాంట్రాక్టరు చూసుకుంటాడనుకున్నా.”

మావయ్య దెప్పలేదు. కాగితం తిప్పి దాని వెనక ఏడు అని అంకె వేశాడు.

ఆ అంకెలోనే ఈ సమస్య మొత్తం ఉంది. జాతీయ సర్వే ప్రకారం మద్యానికి బానిసైనవాళ్ళలో 38 మందికి ఒక్కరికి మాత్రమే ఏదో ఒక చికిత్స అందుతోంది. మిగతా 37 మందీ మానాలని లేక దూరంగా ఉన్నారనుకోవడం తప్పు. మానడానికి పట్టే వారాల్లో కూలి ఉండదు, తిరిగొచ్చాక పని ఉంటుందన్న నమ్మకం ఉండదు. చిన్న యజమాని అధికారంలో ఉన్న గొప్ప మందు, తిరిగొచ్చినవాడికి ఉద్యోగం ఉంచడం. దాని ముందు ఏ కిట్టూ నిలవదు. నియమంలో మొదటి వాక్యం అదే కావాలని ఈ వ్యాసకర్త నమ్మకం.

అల్లుడు మాత్రం ఇంకా తగ్గలేదు. “నువ్వు చెప్పేదంతా మంచివాడి గురించి. మూడుసార్లు చికిత్స చేయించి మూడుసార్లూ తాగి వస్తే? షట్‌డౌన్ పని ఇరవై రోజుల్లో ముగించాలి, ఆలస్యమైతే బిల్లులో కోత పడుతుంది. వాడి కోసం మిగతా పదిహేడు మంది కూలి పణం పెట్టాలా?”

“షట్‌డౌన్‌లో నువ్వు డబుల్ డ్యూటీలు వేస్తావు కదా. పదహారు గంటలు వెల్డింగ్ చేసినవాడి నడుం ఎలగ ఉంటుందో తెలుసా? నేను కోక్ ఓవెన్స్ మీద నిలబడి వచ్చినవాణ్ణి. ఆ నొప్పికి నిద్ర పట్టదు. నిద్ర కోసం ఒక క్వార్టరు, మర్నాడు లేవడానికి ఒక దమ్ము. మత్తు బయట్నుంచే వచ్చిందనుకోకు, కొంత నీ డ్యూటీ చార్టులోంచి కూడా వచ్చింది. మూడుసార్లు తప్పినవాణ్ణి తీసెయ్, నేనొద్దనను. కానీ ఆ మూడు సార్లూ వాడికి ఇవ్వు. పైగా శనివారం రాత్రి చేతికి డబ్బిచ్చి, ఆదివారమంతా వదిలేస్తావు. బుధవారం ఇవ్వొచ్చు కదా?”

బుధవారం కూలి గురించి అల్లుడు ఎప్పుడూ ఆలోచించలేదు. కుర్రాళ్ళు ఒప్పుకోరన్నాడు. అడిగి చూడమన్నాడు మావయ్య.

ఇంటివాళ్ళ ప్రస్తావన అల్లుడే తెచ్చాడు. ఈ రాష్ట్రంలో అది కొత్త సంగతి కాదు. అక్షరాలు నేర్చుకున్న నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు 1990ల మొదట్లో సారా దుకాణం మూయించారు. ఆ ఉద్యమం ఊపుకి 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో ఎత్తేశారు. పైనుంచి వచ్చిన నిషేధం రెండేళ్ళకే పోయినా, తాగుడు ఇంటి మొత్తానికీ సంబంధించిన జబ్బన్న ఎరుక మిగిలింది. చెన్నైలో శాంతి రంగనాథన్ 1980లో మొదలుపెట్టిన టీటీకే ఆస్పత్రిలో రోగితో పాటు ఇంటివాళ్ళకీ విడిగా కార్యక్రమం నడుస్తుంది. “అలాగైతే అవగాహన తరగతికి వాళ్ళ ఇంటివాళ్ళని కూడా పిలుద్దాం,” అన్నాడు అల్లుడు. మావయ్య ఈసారి అడ్డు చెప్పలేదు. వచ్చేవాడి ఇష్టం మీద జరగాలి, బలవంతం వద్దన్నాడు.

చీకటి పడ్డాక అల్లుడు పాత కాగితం పక్కన పెట్టి తెల్లకాగితం తీశాడు. మొదటి అంశం: సాయం అడిగినవాడి ఉద్యోగం పోదు, చికిత్స నుంచి తిరిగొస్తే పని ఉంటుంది. రెండు: మద్యమైనా గంజాయి అయినా, ఆ మత్తుతో యజమానితో సహా ఎవరూ షెడ్డులోకి అడుగు పెట్టరు, గేటు దగ్గర అందరూ ఊదాలి. మూడు: తేడా కనబడినవాణ్ణి ఆ రోజు మిషన్‌కి దూరంగా ఉంచి, ఇంటికి తోడిచ్చి పంపాలి. నాలుగు: ప్రమాదం జరిగితే మనిషితో పాటు మిషన్ గార్డునీ, డ్యూటీ గంటల్నీ పరిశీలించాలి. ఐదు: ల్యాబు నిర్ధారణ లేకుండా ఎవరి మీదా చర్య ఉండదు, ఎవరి వివరాలూ షెడ్డు దాటి వెళ్ళవు.

ఆరో అంశం దగ్గర ఇద్దరూ ఆగిపోయారు. చైన్ బ్లాకు కింద పనిచేసేవాళ్ళకైనా చెప్పకుండా మూత్ర పరీక్ష ఉండాలని అల్లుడు, ఏ అనుమానమూ లేకుండా మనిషి ఒంట్లోకి తొంగిచూసే హక్కు ఎవరికీ లేదని మావయ్య. గంట సేపు అటూ ఇటూ లాగారు. తెగలేదు. ఆ గీత ఖాళీగానే ఉంచి, కంపెనీవాళ్ళు అడిగితే చూద్దామనుకున్నారు.

అల్లుడు లేచి హాజరు పుస్తకం తెచ్చాడు. షట్టర్ దగ్గర కిరోసిన్ గుడ్డతో చేతులు తుడుచుకుంటున్న ఒక హెల్పర్ కుర్రాణ్ణి పిలిచి, ఆధార్ కార్డు దగ్గరుందా అని అడిగాడు.

“ఎందుకండీ?” కుర్రాడు బెదిరిపోయి గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు.

మావయ్య తన కుర్చీ పక్కకి జరిపి, ఇంకొకటి లాగి వాడికి వేశాడు.